రోజుకో జానెడు గోడ

1వ రోజు

కట్టడం: గాజుల సరాయి, నది ఒడ్డు. నా చేతి మీదుగా పోయే నలభై నాలుగోది. కొలిచే మనిషి: వకుళ.

ఈ దినచర్య రోజూ రాసి సాయంత్రానికి నవీకరణ మండలికి పంపాలని నియమం. పదకొండేళ్లుగా పంపుతున్నాను. ఒక్కరు చదివిన పాపాన పోలేదు. పోయినేడు పరీక్షిద్దామని మా అధికారి పరాంకుశం గారి మీసం అరిగిపోయిన చీపురులా ఉంటుందని రాశాను. ఆ నెలలోనే నాకు మెచ్చుకోలు పత్రం వచ్చింది. అప్పటినుంచి ఏది తోస్తే అది రాస్తున్నాను.

సరాయి నడి వాకిట్లో కొలకన్నును మూడు కాళ్ల మీద నిలబెట్టాను. ఇది రోజూ సాయంత్రం ఐదింటికి దానంతటదే కళ్లు తెరిచి కట్టడం మొత్తాన్ని వెంట్రుక మందం తేడా లేకుండా కొలుస్తుంది. మొదటి కొలత తర్వాత వరసగా ఏడు సాయంత్రాలు అదే కొలత వస్తే కట్టడానికి 'ప్రతి' సిద్ధమైనట్టు. మర్నాడే పొడియంత్రం వస్తుంది. మధ్యాహ్నం భోజనాలప్పుడు మొదలుపెడితే టీ వేళకు కట్టడం ఉండదు, పిండి ఉంటుంది. ఆ పిండితో నది పక్కన టవరు అంతస్తులు అచ్చు పోస్తారు. జనం టికెట్టు కొనుక్కుని ప్రతిమందిరానికి వెళ్లి, పోయిన కట్టడాల వెలుగుబొమ్మల్లో తిరిగి, ఎంత బాగుందో అనుకుంటూ ఇంటికి పోతారు. ప్రతి ఉన్నాక అసలెందుకని మండలి వారి వాదం. చంపినవాడే సంతాపసభ పెట్టి, సభకు టికెట్టు కూడా పెట్టడం నేను ఇక్కడే చూశాను.

మధ్యాహ్నం పెరుగన్నంలో దుమ్ము పంటి కింద కరుక్కుమంది. అది పోయిన వారం పొడి చేసిన గ్రంథాలయమా, మొన్న పొడి చేసిన ప్రసూతి ఆసుపత్రా అనుకుంటూ నమిలాను. నేను పుట్టింది ఆ ఆసుపత్రిలోనే. దాన్ని కొలిచిందీ నేనే.

సాయంత్రం మొదటి కొలత అయింది.

3వ రోజు

కొలత కలవలేదు. నిన్నా కలవలేదు. తేడా పెద్దదేమీ కాదు, జానెడు మేర. కన్ను మీద దుమ్ము పడిందేమోనని తడిగుడ్డతో మూడుసార్లు తుడిచాను. గుడ్డ తడపడానికి నా నీళ్లలోంచి అరగ్లాసు పోయింది. మనిషికి రోజుకు ఒకే బిందె ఇచ్చే ఊళ్లో అరగ్లాసంటే మాటలు కాదు. వంటకూ తాగడానికీ పోను మిగిలిన చెంబుతో ఒళ్లు తుడుచుకోవడమే. తలకు నీళ్లు పోసుకుని నెల దాటింది. వెంట్రుకల్లోకి వేళ్లు పెడితే ఇసుక రాలుతోంది.

6వ రోజు

ఇవాళ కూడా కలవలేదు. చిత్రమేమిటంటే తేడా ఒకే చోట లేదు. మొదట తూర్పు గోడ మూల, తర్వాత దాని పక్కన జానెడు, ఆ తర్వాత ఇంకో జానెడు. ఎక్కడో ఏదో గోడ మీద పాకుతున్నట్టుంది.

పరాంకుశం గారు ఫోన్ చేశారు. "వకుళ గారూ, నలభై మూడు కట్టడాలు ఎనిమిదేసి రోజుల్లో ముగించారు. దీని దగ్గర ఎందుకు ఆగారు? టవరుకు పిండి తక్కువ పడుతోంది."

టవరుకు పిండి. దోసెలకు పిండి తక్కువైనట్టు చెప్పాడు పెద్దమనిషి. నేను "చూస్తున్నానండీ" అన్నాను. పదకొండేళ్లుగా నా నోటికి బాగా అలవాటైన మాట అదే. నలభై మూడుసార్లు అన్నాను, చూస్తూనే ఉన్నాను.

8వ రోజు

దొరికింది.

ఎప్పటిలాగే ఎనిమిదింటికి వచ్చి, వాకిట్లో కూర్చోకుండా గదులన్నీ వెతుక్కుంటూ వెళ్లాను. డెబ్బై రెండు గదులు. ఒకప్పుడు ఊరూరా తిరిగి గాజులమ్ముకునేవాళ్లు ఇక్కడ బస చేసేవారట. ఇప్పుడు పావురాలు బస చేస్తున్నాయి. పైవసారా తూర్పు గోడ దగ్గర ఒక ముసలమ్మ గోడకు ముఖం ఆనేటంత దగ్గరగా కూర్చుని తాపీతో సున్నం పూస్తోంది. డెబ్బై ఐదేళ్లుంటాయి. మోచేతుల దాకా తెలుపు.

"ఎవరవ్వా నువ్వు? ఇక్కడేం చేస్తున్నావు?"

"కనవడ్తలేదా బిడ్డా. గోడకు గచ్చు పెడ్తున్న."

"ఎవరు పెట్టమన్నారు?"

"మా అత్త పెట్టమన్నది. ఆమెకు ఆమె అత్త చెప్పిందట."

ఆమె పేరు ఈదమ్మ. ఈ సరాయికి గచ్చు పెట్టే ఇంటి కోడలు. వాళ్ల ఇంట్లో ఒక పద్ధతి ఉంది: గోడ పాడయ్యేదాకా ఆగరు. రోజుకు జానెడు చొప్పున పూసుకుంటూ సరాయి చుట్టూ తిరుగుతారు. ఒక చుట్టు తిరిగి రావడానికి పంతొమ్మిదేళ్లు పడుతుంది. రాగానే మళ్లీ మొదటి జానెడు దగ్గర మొదలు. ఇంటి పెద్ద కోడలు చెయ్యాలి, ఒక్క రోజు తప్పకూడదు. ఈదమ్మకు ఇది మూడో చుట్టు. ఆమె కోడలు ప్రతిమందిరంలో టికెట్లు చింపే ఉద్యోగం చూసుకుంది.

"ఎందుకు తప్పకూడదు?" అని అడిగాను.

"నువ్వు ఒక్కపూట అన్నం మానితే ఏమైతది? ఏం గాదు. మరి ఎందుకు తింటున్నవ్?" అంది ఈదమ్మ, తాపీ ఆపకుండా.

9వ రోజు

ఇవాళ ఆమె పక్కనే కూర్చుని చూశాను. నానబెట్టిన సున్నం, సన్న ఇసుక, కరక్కాయ నీళ్లు, బెల్లం, కోడిగుడ్డు తెల్లసొన. రాతి గానుగలో గంటసేపు నూరుతుంది. అరచేతిలో వేసుకుని బొటనవేలితో నొక్కి, వాసన చూసి, ఇంకా కాలేదని మళ్లీ నూరుతుంది. పాత కమీషనరు ఎవరో ఇచ్చిన కాగితం ఒకటి ఉందట, దాని మీద ఆమెకు పనికోసం రోజూ రెండు బిందెల నీళ్లు వస్తాయి. ఆ కాగితాన్ని మండలి మరిచిపోయినట్టుంది. దేవుడు చల్లగా చూసి ఇంకా మరిచిపోయే ఉండుగాక.

నేను పదకొండేళ్ల తర్వాత మొదటిసారి హాయిగా నవ్వుకున్నాను. మండలి నిబంధన నాకు కంఠతా వచ్చు. గోడ తరిగితే అది శిథిలం, ఆ రోజే పొడి చెయ్యొచ్చు. గోడ పెరిగితే అది సజీవం, ముట్టుకోకూడదు. ఇన్నేళ్లలో పెరిగిన గోడ ఎవరూ చూడలేదు కాబట్టి ఆ రెండో ముక్క తీసెయ్యాలని ఎవరికీ తోచలేదు. కొలకన్ను కూడా మోసపోయేది కాదు. గోడకు మేకు కొట్టి క్యాలెండరు తగిలించినా, రంగు పూసినా, జిగురుతో ఏదైనా అంటించినా దానికి లెక్కలేదు, గోడతో ఒకటైపోయినదే లెక్క. ఈదమ్మ పూసిన జానెడు సాయంత్రానికి గోడ అయిపోతుంది. ఆమె రోజూ పూసినంతకాలం రెండు రోజుల కొలతలు ఎన్నటికీ కలవవు. ఆమెకు ఈ సంగతే తెలియదు. కొలకన్నును చూసి ఫోటోలవాళ్లదనుకుంటోంది.

పరాంకుశం గారూ, మీ టవరు పిండికి వేరే చోటు చూసుకోండి. ఒక ముసలమ్మ బెల్లం ముక్కతో మీ మండలిని ఆపేసింది. మీ మీసం ఇంకా అలాగే ఉంది.

10వ రోజు

ఇక్కడినుంచి ఇది మండలికి పంపే దినచర్య కాదు. సున్నం బస్తా కాగితం చింపి దాని మీద పెన్సిలుతో రాస్తున్నాను. మండలికి ఇవాళ "కొలత జరిగింది" అని రెండు మాటలు పంపాను.

పదింటికి పరాంకుశం గారు స్వయంగా వచ్చారు. చేతిలో శాలువా, దండ, వెనక ఫోటోలు తీసే మనిషి.

"మీ తొమ్మిదో రోజు దినచర్య చాలా బాగుందండీ వకుళ గారూ. మీలో మంచి రచయిత్రి ఉంది" అన్నారు.

నేను వెంటనే అడిగాను: "మీరు చదువుతారా?"

"అన్నీ ఎక్కడ చదువుతామండీ. కొలత కలవని కట్టడాలవి మాత్రం చదువుతాం. ఇన్నాళ్లూ మీవి కలిసేవి కదా." ఆ వెంటనే, "మీసం సంగతి కూడా చూశాను" అన్నారు. నవ్వారు కూడా. కోప్పడి ఉంటే కొంత నయంగా ఉండేది.

ఈదమ్మను కోప్పడలేదు, గెంటలేదు. శాలువా కప్పారు. "అవ్వగారూ, మీలాంటి కళాకారులు మా ప్రతిమందిరానికి అలంకారం. రేపటినుంచి ఒక వారం మీరు అక్కడ జనానికి మీ పని చూపించాలి. కారు వస్తుంది" అన్నారు.

"వారమంటే ఎన్ని దినాలు సారూ?" అంది ఈదమ్మ.

"ఏడే."

పక్కకు వచ్చి నాతో మెల్లగా అసలు సంగతి చెప్పారు. వెళ్లకపోతే మండలి గౌరవాన్ని కాదన్నట్టు, ఆమెకు సరాయిలోకి రావడానికి ఉన్న చీటీ ఈ పూటే రద్దు. వెళ్తే వారం తర్వాత వచ్చి ఎప్పటిలా పూసుకోవచ్చు. అప్పటికి పూసుకోవడానికి గోడ ఉంటే.

గొర్రె కసాయివాణ్ని నమ్మినట్టు నేను మండలి బద్ధకాన్ని నమ్మాను. ఎవరూ చదవరని పొగరుపోయి, వాళ్లు వెతుకుతున్నదాన్ని నా చేత్తో రాసి పంపాను. నామీద నాకే ఉమ్మెయ్యాలనిపించింది.

ఆయన వెళ్లాక ఈదమ్మకు అంతా చెప్పాను: ఏడు సాయంత్రాలు, కొలకన్ను, పొడియంత్రం, నా రాత. తిడుతుందనుకున్నాను. ఆమె శాలువా మడిచి గానుగ మీద పెట్టింది.

"పోకుంటే ఇప్పుడే బంద్ పెడ్తరు. పోతే ఏడు దినాలు. గంతే కదా?"

"అంతే అవ్వా."

"అయితే పోత. ఏడు జానలు నువ్వు పెట్టు."

"నాకు రాదు."

"నాకు పుట్టంగనే వచ్చిందా? పొద్దంతా నన్నే చూస్తివి గదా." కాగితం తీసి నా చేతిలో పెట్టింది. "రెండు బిందెలు రోజూ వస్తయి, నీ పేర చెప్పిపోత. వాడుకో. సున్నం నానబెట్టే ఉన్నది. నూరుడు కాడ బద్ధకం చెయ్యకు."

సాయంత్రం దాకా నాచేత నూరించింది. పదిసార్లు కాలేదంది. పదకొండోసారి బొటనవేలితో నొక్కి, "ఇట్లనే" అంది. తాపీ ఎలా పట్టుకోవాలో, ఎలా ఒరగబెట్టాలో, ఎలా గీకాలో చూపించింది.

11వ రోజు

ఏడింటికే వచ్చాను. గంటన్నర నూరాను. బొటనవేలితో నొక్కితే నిన్న ఆమె నొక్కినప్పటిలాగే ఉంది. ఆమె ఆపిన చోటి పక్కనే జానెడు పూశాను. కాస్త వంకరగా ఉన్నా నా కంటికి ముద్దొచ్చింది. ఒక బిందె నీళ్లు సరిపోయాయి.

మూడింటికి పైకి వెళ్లేసరికి పూసింది పూసినట్టు ఒకే పెచ్చుగా నేల మీద ఉంది. మళ్లీ నూరడానికి వేళ లేదు. ఐదింటికి కొలకన్ను కళ్లు తెరిచింది. నిన్నటి కొలతే. ఒకటి.

12వ రోజు

బెల్లం పెంచాను. రాలింది. రెండు.

13వ రోజు

బెల్లం తగ్గించి గుడ్లు పెంచాను. రెండుసార్లు పూశాను. రెండూ రాలాయి. మూడు.

నాకు భవనాల గురించి తెలియనిది లేదనుకునేదాన్ని. ఏ కమాను ఎన్ని అంగుళాలు వంగి ఉందో, ఏ దూలం ఏ ఏడాది పగిలిందో చెప్పగలను. ఒక్క జానెడు సున్నం గోడకు నిలబెట్టలేను. పదకొండేళ్లుగా కొలవడం తప్ప ఒక్క రాయిని ఒక్క చోట పెట్టినదాన్ని కాదు. సిగ్గుగా కూడా లేదు, రోతగా ఉంది.

14వ రోజు

పొద్దున్నే పూసి ప్రతిమందిరానికి పరుగెత్తాను. ఈదమ్మను ఫోన్‌లో అడుగుదామంటే కళాకారులకు ఫోన్ ఇవ్వరట. టికెట్టు కొన్నాను. చింపింది ఈదమ్మ కోడలే అయి ఉంటుంది, ముఖం ఎత్తి చూడలేదు.

నేను కొలిచిన కట్టడాలన్నీ వరసగా వెలుగులో నిలబడి ఉన్నాయి. ప్రసూతి ఆసుపత్రి గోడలకు నెత్తురు మరకల్లేవు, మందుల వాసన లేదు, అరుపుల్లేవు. మెట్ల మీద మల్లెపూల వాసన పంపు చేస్తున్నారు. ఒక జంట నేను పుట్టిన వార్డులో నిలబడి ఐస్‌క్రీమ్ తింటూ ఫోటో దిగింది.

ఈదమ్మను ఒక అరుగు మీద కూర్చోబెట్టారు. ముందు ఉత్తుత్తి గోడ. దాని వెనక గొట్టంలోంచి ఎప్పుడూ నీళ్లు చెమ్మగిల్లుతుంటాయి. ఆమె పూస్తుంది, జనం చప్పట్లు కొడతారు, సాయంత్రం కడిగేస్తారు. శాలువా తీయనివ్వలేదు, ఉక్కపోతకు చెమటలు కారుతున్నాయి. కాపలావాడు నాకు రెండు నిమిషాలిచ్చాడు.

"రాలిపోతోంది అవ్వా. మూడు కొలతలు కలిసిపోయాయి."

"నూరుతున్నవా మంచిగ?"

"చేతులు చూడు." బొబ్బలు చూపించాను.

ఆమె నా చేతుల్ని తిప్పి చూసింది. "బెల్లం ఎంతేస్తున్నవ్?"

చెప్పాను. సరిగ్గానే ఉందంది. ఇసుక జల్లించావా అంది. జల్లించాను. సున్నం పైతేట తీశావా అంది. తీశాను. "మరి ఎందుకు రాల్తది?" అని ఆమె నన్నే అడిగింది. అంతలో జనం వచ్చారు. కాపలావాడు నా రెక్క పట్టుకున్నాడు. "గట్టిగ ఒత్తు బిడ్డా, భయపడకుంట ఒత్తు" అని వెనకనుంచి అరిచింది.

వచ్చేసరికి పొద్దున పూసింది నేల మీద ఉంది. నాలుగు.

15వ రోజు

భయపడకుండా ఒత్తాను. అరచెయ్యి చర్మం లేచింది. రాలింది. ఐదు.

16వ రోజు

సిగ్గు విడిచి నది పక్క టవరు దగ్గరికి వెళ్లి అచ్చు పోసే ముద్ద డబ్బాడు దొంగిలించి తెచ్చాను. అది నిలబడింది. దెబ్బకొట్టినా ఊడలేదు. ఐదింటికి కొలకన్ను దాన్ని దాటుకుని వెనక ఉన్న గోడను కొలిచింది. మండలి ముద్ద ఎక్కడున్నా అది పరాయి సరుకని దానికి నేర్పి ఉంచారు. తాము పోసేది గోడ కాదని మండలికే తెలుసన్న మాట. ఆరు.

పరాంకుశం గారు ఫోన్ చేసి, "కొలతలు చక్కగా కలుస్తున్నాయి, చాలా సంతోషం" అన్నారు.

17వ రోజు

నాలుగుసార్లు పూశాను. నాలుగోది నాలుగున్నర దాకా ఉంది. అరచేత్తో నొక్కి పట్టుకుని నిలబడ్డాను, ఐదు దాకా కదలకూడదనుకున్నాను. కానీ మనిషి అడ్డున్న చోట కన్ను ఆగి, మనిషి తప్పుకున్నాకే కొలుస్తుంది. ఐదుంపావు దాకా పట్టుకున్నాను. చెయ్యి తీయగానే పెచ్చు నా పాదం మీద పడింది. ఏడు.

18వ రోజు

పన్నెండున్నరకు మొదలుపెట్టారు. మూడింటికి అయిపోయింది. నాకు మెచ్చుకోలు పత్రం ఇచ్చారు. తీసుకున్నాను. తీసుకోకుండా ఉండే మనిషినైతే నలభై మూడు కట్టడాల ముందే ఆ పని చేసేదాన్ని.

19వ రోజు

పొద్దున ఈదమ్మ వచ్చింది. నిన్న రాత్రి గానీ వదల్లేదట, కారూ ఇవ్వలేదట, నడిచే వచ్చింది. సరాయి ఉన్నచోట మనుషులు పిండిని బస్తాల్లోకి ఎత్తుతున్నారు. ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కాసేపు చూసింది. ఏడవలేదు. నా పక్కన రోడ్డు అంచు మీద కూర్చుంది.

"ఎట్ల రాలింది బిడ్డా? పొడి లెక్క రాలిందా, పెచ్చు లెక్క ఊడిందా?"

"పెచ్చులాగా. ఒకే ముక్కగా ఊడింది."

"ఎనక గోడది ఏమన్న అంటిందా?"

"ఏమీ అంటలేదు. శుభ్రంగా ఉంది."

ఆమె నా ముఖంలోకి చూసి అడిగింది.

"గోడకు నీళ్లు తాపినవా?"

నాకు అర్థం కాలేదు. ఆమె చెప్పింది. పూసే ముందు గోడకు బిందెడు నీళ్లు పట్టాలట. దాహం మీదున్న గోడ సున్నంలోని నీళ్లన్నీ లాగేసుకుంటుంది, ఇక ఆ సున్నం నిలవదు. ఆమె రోజూ తెల్లారకముందే, మబ్బులనే లేచి గోడకు నీళ్లు పట్టేది. నేను ఎనిమిదింటికి వచ్చేసరికి పైకి ఆరిపోయి ఉండేది.

"రెండో బిందె గోడకా?" అన్నాను.

"మరి దేనికనుకున్నవ్?"

ఆమె నా వీపు మీద చెయ్యి వేసింది.

"నాదే తప్పు బిడ్డా. నేను చెప్పకపోతి. గోడకు దూపైతదని అందరికీ ఎరుకే అనుకున్న."

ఆ మాట అని లేచి వెళ్లిపోయింది. నీ తప్పు కాదవ్వా అని నేను అనలేకపోయాను. అంటే తర్వాతి మాట కూడా చెప్పాల్సి వచ్చేది.

ఆ ఏడు రోజులూ రెండో బిందెను ఏం చేశానో ఆమె అడగలేదు. అడగలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. కూలికి బదులు నాకిచ్చిందనుకున్నాను. రోజూ సాయంత్రం కొలత అయ్యాక, పాపం కష్టపడ్డానని, ఒళ్లంతా దుమ్మేనని, మెట్ల కింద కూర్చుని తలారా పోసుకున్నాను. ఆఖరి రెండు రోజులు కుంకుడుకాయలు కూడా తెచ్చుకున్నాను.